మబ్బు వేరు, నీడ వేరు: సోలార్ ప్యానెళ్లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. ముసురు పడితే ప్యానెల్ పనిచేస్తుందా, నీడ ఇంత ముక్కే కదా పడుతోంది దానికే ఇంత తగ్గుతుందా, సాయంత్రం మీటర్లో వోల్టేజీ నిక్షేపంగా కనబడుతోంది మరి లైటు ఎందుకు వెలగదు... ఇలాంటివే. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి ఈ శీర్షిక మొత్తం వీటికే ఇస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పేస్తాను, కింది జవాబులన్నిటికీ అదే ఆధారం కాబట్టి. వెలుతురు తగ్గడం వేరు, నీడ పడటం వేరు. రెండిట్లోనూ ఎండ తక్కువే కదా అని చాలామంది ఒకే గాటన కట్టేస్తారు, అమ్మేవాళ్లు కూడా. ప్యానెల్ లోపల మాత్రం ఆ రెండిటికీ జరిగేది పూర్తిగా వేరు.

ప్రశ్న: మబ్బులో కూడా బాగా పనిచేస్తుందని చెప్పి మాకు ప్యానెళ్లు అమ్మారు. ముసురు పట్టిన మొదటి రోజే యాప్‌లో చూస్తే పదో వంతు కరెంటే వస్తోంది. మోసపోయామా?

జవాబు: మోసం అనలేం గానీ మీకు సగం మాటే చెప్పారండి. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద 400 వాట్లు అని ఉంటే, అది చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు పడుతూ, లోపలి సెల్స్ (వెలుతురుని కరెంటుగా మార్చే చిన్న పలకలు) 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కొలిచిన అంకె. ఫ్యాక్టరీలో ఒక్క క్షణం ఫ్లాష్ కొట్టి కొలుస్తారు, సెల్ వేడెక్కే లోపే కొలత అయిపోతుంది. బయట ఆ రెండూ కలిసి రావడం అరుదు. ఆకాశం నిర్మలంగా ఉన్న మధ్యాహ్నం వెలుతురు 1000 దగ్గరికి వస్తుంది గానీ అప్పటికి సెల్ 60 డిగ్రీలు దాటి ఉండొచ్చు.

ఇక ముసురు సంగతి. సూర్యుడు ఎక్కడున్నాడో కూడా తెలియనంతగా మబ్బు పట్టిన రోజున మధ్యాహ్నం పూట నేలకి చేరేది చదరపు మీటరుకు సుమారు 100 నుంచి 200 వాట్లు. నల్లమబ్బు కమ్మి వాన కురుస్తుంటే 50కి, ఇంకా కిందికి కూడా దిగుతుంది. సెల్ ఇచ్చే ఆంపియర్లు దాని మీద పడిన వెలుతురు లెక్కనే పెరుగుతాయి, తరుగుతాయి. వెలుతురు పదో వంతైతే ఆంపియర్లూ పదో వంతు. కాబట్టి 400 వాట్ల ప్యానెల్ ముసురులో 40 నుంచి 80 వాట్ల మధ్య ఇస్తోందంటే అది ఆరోగ్యంగానే ఉంది, కంగారు పడకండి.

అసలు చిక్కు మన కంటితో వస్తుంది. నడి ఎండ లక్ష లక్స్ (వెలుతురు కొలిచే కొలమానం) ఉంటే, దట్టమైన ముసురు పగలు పదివేల లక్స్ ఉంటుంది, లైట్లు బాగా వెలుగుతున్న గది 500 లక్స్. కన్ను ఈ మూడిట్లోనూ హాయిగా సర్దుకుని పేపరు చదివేస్తుంది. 'వెలుతురు బాగానే ఉంది కదా' అని మనకి అనిపించే చోట ప్యానెల్‌కి పదో వంతు, ఇంట్లో అయితే రెండువందలో వంతు మాత్రమే అందుతోంది. అందుకే నేను ఎవరితోనైనా అనేది ఒకటే, ప్యానెల్ విషయంలో కంటిని నమ్మకండి, మీటరును నమ్మండి, మీటరులో కూడా ఏది నమ్మాలో కింద ఇంకో జవాబులో చెప్తాను.

మబ్బు రోజు ఒక చిన్న మేలు ఉంది. సెల్ వేడెక్కే కొద్దీ డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున పవర్ తగ్గుతుంది, అంటే 65 డిగ్రీల సెల్ 14 శాతం దాకా పోగొట్టుకుంటుంది. మబ్బులో చల్లగా ఉంటుంది కాబట్టి ఆ నష్టం ఉండదు. అలాగని చల్లదనం మబ్బు నష్టాన్ని పూడ్చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి, మబ్బు వల్ల పోయేది 80, 90 శాతం, చల్లదనం వల్ల కలిసొచ్చేది 14. తెల్లమబ్బులు విడివిడిగా కదులుతున్న రోజు మాత్రం వేరే చిత్రం కనబడుతుంది. సూర్యుడు మబ్బు అంచు పక్కనుంచి బయటపడిన ఆ కాసేపు నేరుగా వచ్చే ఎండకి మబ్బు మీంచి చెదిరిన వెలుతురు తోడై 1000 దాటిపోతుంది, గ్రాఫ్‌లో సూది మొనలా పైకి లేస్తుంది. అది మీటరు తప్పు కాదు.

ప్రశ్న: 'లో లైట్ స్పెషల్' అని కొన్ని ప్యానెళ్లకి ఎక్కువ ధర చెప్తున్నారు. మబ్బులోంచి అతినీలలోహిత కిరణాలు వస్తాయట, వాటితో కరెంటు చేస్తాయట. తీసుకోవచ్చా?

జవాబు: అతినీలలోహితం కథ నమ్మకండి. సూర్యుడి శక్తిలో దాని వాటా నూటికి నాలుగైదు శాతమే, మొత్తం వెలుతురే పదో వంతుకు పడిపోయాక అందులో ఆ చిన్న ముక్కతో ఒరిగేదేమీ లేదు. సిలికాన్ సెల్ ప్రధానంగా కంటికి కనిపించే వెలుతురునీ, దాని పక్కనే ఉన్న పరారుణ కిరణాల్లో సుమారు 1100 నానోమీటర్ల దాకానూ వాడుకుంటుంది.

తేడా అసలు లేదా అంటే ఉంది, చిన్నది. మంచి కంపెనీ డేటాషీట్‌లో చదరపు మీటరుకు 200 వాట్ల దగ్గర సామర్థ్యం ఎంత నిలుస్తుందో ఒక వాక్యం ఉంటుంది. ప్యానెళ్ల పరీక్షకి వాడే ఐఈసీ 61215 ప్రమాణంలో ఈ 200 వాట్ల కొలత ఒక భాగం. ఇప్పటి మోనో (ఒకే స్ఫటికంలోంచి కోసిన సిలికాన్) ప్యానెళ్లు ఆ వెలుతురులో తమ సామర్థ్యంలో 95 శాతమో అంతకు కాస్త పైనో నిలుపుకుంటాయి. ఒకటి 95, ఇంకొకటి 97 అనుకుందాం. ఆ రెండు శాతం కూడా మబ్బు రోజున వచ్చే కొద్దిపాటి కరెంటులో రెండు శాతం! దానికోసం ఎక్కువ ఇచ్చే బదులు అదే డబ్బుకి మామూలు ప్యానెల్ ఇంకొకటి పెట్టుకోండి, మబ్బులోనూ ఎండలోనూ పనికొస్తుంది.

ప్రశ్న: సాయంత్రం పొద్దు గూకాక మల్టీమీటరుతో చూస్తే ప్యానెల్ దగ్గర 33 వోల్టులు చూపిస్తోంది. మధ్యాహ్నం 40 చూపిస్తుంది. అంటే నాలుగింట మూడొంతుల పైనే ఉన్నట్టు కదా, మరి ఇన్వర్టర్ ఎందుకు ఆగిపోయింది? ఇన్వర్టరే పాడైందా?

జవాబు: ఈ ప్రశ్నకి కాస్త ఎక్కువ చోటు ఇస్తాను, ఎందుకంటే ఈ ఒక్క పొరపాటు వల్ల బాగున్న ఇన్వర్టర్లని విప్పించి రిపేరుకి పంపినవాళ్లని చూశాను.

వెలుతురు తగ్గినప్పుడు ఆంపియర్లు పడినట్టు వోల్టులు పడవు. వెలుతురు పదో వంతుకు దిగితే ఆంపియర్లు పదో వంతుకు పడతాయి, వోల్టేజీ మాత్రం ఒక్కో సెల్‌కి సుమారు 0.06 వోల్టు తగ్గుతుంది, అంతే. మీది 60 సెల్స్ ఉన్న ప్యానెల్ అనుకుంటే మొత్తం మీద మూడున్నర వోల్టులు చిల్లర. అంటే 1000 వాట్ల ఎండలో 40 వోల్టులు చూపించిన ప్యానెల్, 100 వాట్ల వెలుతురులో 36 దగ్గర, 10 వాట్ల వెలుతురులో కూడా 33 దగ్గర చూపిస్తుంది. మీకు సరిగ్గా అదే కనిపించింది. కానీ ఆ 10 వాట్ల వెలుతురులో ఆంపియర్లు చూస్తే, మధ్యాహ్నం 10 ఇచ్చినవి ఇప్పుడు 0.1 ఇస్తాయి. గుణించండి, మూడు వాట్ల చిల్లర. ఇన్వర్టర్ తన లోపలి బోర్డు నడుపుకోవడానికే అది చాలదు, అందుకే నిద్రపోయింది.

మరి మీటరు ఎందుకు అంత చూపిస్తుంది? మల్టీమీటరు వోల్టులు కొలిచేటప్పుడు దాదాపు కరెంటే తీసుకోదు కాబట్టి. పనేమీ చెప్పనంత సేపూ ఆ 33 అలాగే నిలబడి ఉంటుంది, ఒక చిన్న లోడ్ తగిలించగానే కూలిపోతుంది. కాబట్టి వోల్టేజీ చూసి ప్యానెల్‌కి వైరింగ్ తెగలేదని తెలుసుకోవచ్చు, ఎంత పవర్ ఉందో తెలియదు. అది తెలియాలంటే వైరు చుట్టూ పట్టి డీసీ కొలిచే క్లాంప్ మీటరుతో పనిచేస్తున్న లైనులో ఆంపియర్లు చూడాలి.

ఇందులోంచే ఇంకో సంగతి వస్తుంది, దయచేసి శ్రద్ధగా చదవండి. మబ్బుగా ఉంది కదా, పొద్దు గూకింది కదా అని ప్యానెళ్ల వైర్ల మీద చెయ్యి వెయ్యకండి. పది ప్యానెళ్లు వరసగా కలిపి ఉంటే ఆ మసక వెలుతురులోనూ వైరు చివర 300 వోల్టులకు పైన ఉంటుంది. కరెంటు పారుతున్నప్పుడు కనెక్టర్ లాగితే డీసీ నిప్పు మెరుపు అలా అంటుకుని సాగుతుంది, ఏసీలాగా క్షణక్షణం సున్నాకి వచ్చి ఆరిపోదు. ముందు ఇన్వర్టర్, తర్వాత డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల లైనుని విడదీసే స్విచ్) ఆపి, ఆ తర్వాతే ఏదైనా. వీలైతే తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే.

ప్రశ్న: మా ప్యానెల్ మీద ఒక కొమ్మ నీడ పడుతుంది. వైశాల్యం కొలిచి చూశాను, ఇరవయ్యో వంతు కూడా లేదు. కానీ పవర్ మూడో వంతు పడిపోతోంది. లెక్క కుదరట్లేదు.

జవాబు: మబ్బు లెక్క నీడకి కుదరదు, కొలిచి మరీ పట్టుకున్నారు, సంతోషం.

ప్యానెల్‌లో సెల్స్ అన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి ఉంటాయి. ఇటుకలు చేతులు మార్చుకుంటూ అందించే వరస ఊహించుకోండి. 60 మంది నిలబడ్డారు, 59 మంది చురుకైనవాళ్లు, మధ్యలో ఒక్కరికి చెయ్యి నొప్పి. వరస మొత్తం ఆ ఒక్కరి వేగంతోనే నడుస్తుంది. మబ్బు పడితే 60 మందీ ఒకేలా నెమ్మదిస్తారు, ఎవరి వల్లా ఎవరికీ ఇబ్బంది లేదు, వెలుతురు ఎంత తగ్గిందో పని అంతే తగ్గుతుంది. నీడ పడితే ఒక్కరే ఆగిపోతారు, మిగతావాళ్లు వెనక నుంచి తోస్తుంటారు. ఆ తోపుడంతా నీడలో ఉన్న సెల్ మీద పడి, అది కరెంటు తయారుచేయడం మాని కరెంటు తినడం మొదలుపెట్టి వేడెక్కుతుంది.

అలా కాలిపోకుండా ప్యానెల్ వెనక ఉన్న చిన్న నల్లడబ్బాలో బైపాస్ డయోడ్లు పెడతారు, 60 సెల్స్ ప్యానెల్‌కి మామూలుగా మూడు, 20 సెల్స్‌కి ఒకటి చొప్పున. ఒక సెల్ మొరాయిస్తే దాని గుంపులోని 20 సెల్స్‌నీ పక్కన పెట్టి డయోడ్ మీదుగా కరెంటు దారి మళ్లుతుంది. ప్రాణం దక్కింది గానీ మూడో వంతు పోయింది. మీ కొమ్మ ఒకటి రెండు సెల్స్ మీదే పడుతున్నా మీటరులో మూడో వంతు తగ్గడానికి కారణం ఇదే.

చిన్న ప్యానెళ్లలో ఇది ఇంకా కఠినంగా ఉంటుంది. నేను ఒకసారి 36 సెల్స్ ఉన్న 100 వాట్ల ప్యానెల్‌ను మామూలు ఛార్జ్ కంట్రోలర్‌తో 12 వోల్టుల బ్యాటరీకి కట్టి, మంచి ఎండలో క్లాంప్ మీటరు 5 ఆంపియర్లు చూపిస్తుండగా ఒకే ఒక్క సెల్ మీద అట్టముక్క పెట్టాను. కొంచెం కొంచెంగా తగ్గుతుందేమో అనుకున్నాను. పెట్టీ పెట్టగానే అర ఆంపియర్ దగ్గర కూర్చుంది. అట్ట తీశాను, మళ్లీ 5. సెల్ అంచు మీంచి అట్టని నెమ్మదిగా జరుపుకుంటూ పోతే సగం కప్పినప్పుడు ఆంపియర్లు సగం, ముప్పాతిక కప్పినప్పుడు పావు. 36 సెల్స్‌లో 35 పూర్తి ఎండలో తళతళలాడుతూనే ఉన్నాయి! కారణం ఏమిటంటే ఆ ప్యానెల్‌లో డయోడ్లు రెండే, ఒక గుంపుని పక్కన పెడితే మిగిలిన 18 సెల్స్ ఇచ్చేది 9 వోల్టులు, 12 వోల్టుల బ్యాటరీలోకి 9 వోల్టులతో ఛార్జింగ్ ఎక్కదు. అంటే డయోడ్ ఉన్నా ఇక్కడ పనికిరాలేదు. ఒంటరి ప్యానెల్‌తో చిన్న బ్యాటరీ నడుపుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే చాలా బాధ తప్పుతుంది. మీ దగ్గర అలాంటి ప్యానెల్ ఉంటే అట్టముక్కతో మీరే చేసి చూడండి, ఐదు నిమిషాల పని.

ప్రశ్న: సాయంత్రం పక్క భవనం నీడ మా ప్యానెళ్లన్నిటినీ ఒకేసారి కప్పేస్తుంది. కాలిపోతాయా?

జవాబు: కాలవు. అన్ని సెల్స్ మీదా సమానంగా పడిన నీడ మబ్బు కిందే లెక్క. ఆకాశం నుంచి చెదిరి వచ్చే వెలుతురుతో పదో వంతో కొంచెం ఎక్కువో వస్తూనే ఉంటుంది. ఆ నీడ అంచు ప్యానెళ్ల మీద పాకుతూ వెళ్లే ఆ అరగంట మాత్రం పైన చెప్పిన గొడవ జరుగుతుంది, డయోడ్లు ఉన్నదే దానికోసం.

ప్రశ్న: దుమ్ము పడితే రోజూ తుడవాలా? పక్షుల రెట్ట పడితే వానకి పోతుందిలే అని వదిలేస్తున్నాం.

జవాబు: దుమ్ముని చూసి అంత భయపడక్కర్లేదు, రెట్టని మాత్రం వదలకండి. చాలా ఇళ్లలో దీనికి తలకిందులుగా చేస్తారు. పలుచటి దుమ్ము ప్యానెల్ అంతా సమానంగా పడుతుంది, మబ్బు లాంటిది. రెట్ట ఒకే సెల్ మీద, ఒకే చోట, పొద్దున్నించి సాయంత్రం దాకా, వారాల తరబడి ఉంటుంది. చెట్టు నీడైనా గంటకి జరిగిపోతుంది, ఇది జరగదు. ఒక సెల్‌లో చిన్న మూల మాత్రమే మూసుకుంటే డయోడ్ కూడా తెరుచుకోకపోవచ్చు, ఆ సెల్ అలా వేడెక్కుతూనే ఉంటుంది. గాజు కింద గోధుమరంగు మచ్చ కనబడిందంటే అక్కడ చాలాకాలంగా వేడి పుడుతోందని అర్థం. ఎండిన ఆకు గాజుకి అతుక్కుపోయినా అంతే.

తుడిచేది పొద్దున్నే, గాజు చల్లగా ఉన్నప్పుడు, నీళ్లూ మెత్తటి గుడ్డతో. మధ్యాహ్నం కాలిపోతున్న గాజు మీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. ప్యానెల్ మీద కాలు పెట్టి నడవకండి, గాజు పగలకపోయినా లోపలి సెల్స్‌కి కంటికి కనబడని పగుళ్లు వస్తాయి.

తుడిచాక కూడా ఒక ప్యానెల్ ఎప్పుడూ మూడో వంతు తక్కువే ఇస్తుంటే డయోడ్ షార్ట్ అయి ఉండొచ్చు. ఏ నీడా లేని ఎండలో ఆ ఒక్క ప్యానెల్‌ని విడిగా కొలిపించండి. 40 వోల్టులు రావాల్సిన చోట 27 వస్తే ఒక గుంపు మొత్తం పోయినట్టే. వోల్టేజీ కొలత నిజంగా పనికొచ్చేది ఇలాంటి చోట.

ప్రశ్న: మా ప్యానెళ్ల పైన కరెంటు తీగ వెళ్తోంది. దాని నీడతో కూడా సెల్ ఆగిపోతుందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: తీగకి టెన్షన్ అక్కర్లేదు, ఎందుకో లెక్కతో చెప్తాను. సూర్యుడు మనకి చుక్కలా కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్లలా కనిపిస్తాడు. అందువల్ల ఏ వస్తువు నీడైనా దూరం పెరిగే కొద్దీ అంచులు చెరిగిపోతుంది, వస్తువు మందానికి సుమారు 107 రెట్ల దూరం దాటాక చిక్కటి నీడ అసలు మిగలదు. సెంటీమీటరు మందం తీగకి ఆ దూరం మీటరు చిల్లర. మీ తీగ నాలుగైదు మీటర్ల ఎత్తులో ఉంటే ప్యానెల్ మీద పడేది వెడల్పాటి, పలుచటి మసక గీత. 16 సెంటీమీటర్ల సెల్‌లో ఆ తీగ దొంగిలించేది సుమారు పదహారో వంతు వెలుతురు, ఆరు శాతం. నష్టమే కానీ ఆ గుంపు ఆగిపోయేంత కాదు.

ఇదే లెక్క 10 సెంటీమీటర్ల పైపుకి వేయండి. పది మీటర్ల దాకా చిక్కటి నీడే, సెల్‌లో సగానికి పైగా మూసేస్తుంది. పైపు, స్తంభం, నీళ్ల ట్యాంకు, డిష్ యాంటెన్నా, పిట్టగోడ, భయపడాల్సింది వీటికి.

ప్రశ్న: పిట్టగోడ నీడ పొద్దున పూట ప్యానెళ్ల కింది అంచు మీద జానెడు పడుతుంది. నిలువుగా పెట్టిస్తే మంచిదా, అడ్డంగానా?

జవాబు: మీ ప్యానెల్ పాత రకమా, హాఫ్‌కట్ రకమా అన్నదాని మీద ఉంటుంది. పాత రకంలో ఆరు నిలువు వరసలు, ఒక్కో గుంపుకి పక్కపక్కనే రెండు వరసలు. ప్యానెల్‌ని నిలువుగా నిలబెడితే కింద పడిన జానెడు నీడ ఆరు వరసల కాళ్లనీ తాకుతుంది, మూడు గుంపులూ ఒకేసారి పడిపోతాయి, ప్యానెల్ దాదాపు ఖాళీ. అదే ప్యానెల్‌ని అడ్డంగా పడుకోబెడితే ఆ నీడ అట్టడుగు గుంపుని మాత్రమే కొడుతుంది, మూడింట రెండొంతులు నిలుస్తుంది. అదే ప్యానెల్, అదే నీడ, తిప్పి బిగించినందుకు ఇంత తేడా.

హాఫ్‌కట్‌లో సెల్స్‌ని సగానికి కోసి పై సగాన్నీ కింది సగాన్నీ విడివిడి జట్లుగా చేసి సమాంతరంగా కలుపుతారు. నిలువుగా పెట్టినా కింది సగం నీడలోకి పోతే పై సగం తన పని తాను చేసుకుంటుంది, సగం పవర్ మిగులుతుంది. ప్యానెల్ మధ్యలో అడ్డంగా ఖాళీ పట్టీ కనబడితే అది హాఫ్‌కట్ అని గుర్తు.

ఏదైనా సరే, బిగించేవాళ్లతో ఈ మాట ముందే మాట్లాడండి. వాళ్లు ఎక్కువగా స్టాండు ఖర్చు, చోటు చూసుకుని పెట్టేస్తారు.

ప్రశ్న: ఆప్టిమైజర్లు పెట్టుకుంటే నీడ సమస్య పూర్తిగా పోతుందన్నారు. నిజమేనా?

జవాబు: పూర్తిగా పోదు. ఆప్టిమైజర్లంటే ఒక్కో ప్యానెల్‌కి విడిగా తగిలించే చిన్న డబ్బాలు. నీడ పడిన ప్యానెల్ నష్టం మిగతా ప్యానెళ్లకి అంటకుండా ఆపుతాయి, అంతవరకే. మైక్రో ఇన్వర్టర్లూ (ప్యానెల్‌కొకటి చొప్పున పెట్టే బుల్లి ఇన్వర్టర్లు) అంతే. లేని వెలుతురుని ఏ డబ్బా తయారుచేయదు. ప్యానెళ్లు ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకి ఉన్నా, నీడ రోజంతా ఒక ప్యానెల్ మీంచి ఇంకోదాని మీదకి తిరుగుతున్నా ఇవి డబ్బుకి తగ్గ పని చేస్తాయి. అన్నీ ఒకేసారి నీడలోకి పోయే చోట పెట్టి లాభం లేదు.

వాటికి ముందు ఒకటి చూడండి. నీడ పడిన వరసలో ఇన్వర్టర్‌కి రెండు దారులుంటాయి: ఆంపియర్లు తగ్గించుకుని అన్ని సెల్స్‌తో నడవడం, లేదా ఆంపియర్లు నిలుపుకుని నీడ పడ్డ గుంపుని వదిలేయడం. పవర్ గ్రాఫ్ గీస్తే రెండు కొండ శిఖరాల్లా ఉంటుంది, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. తెలివి తక్కువ ఎంపీపీటీ (ఎక్కువ పవర్ వచ్చే చోటు వెతికే ఇన్వర్టర్ లోపలి భాగం) పొట్టి శిఖరం మీద ఎక్కి అదే గొప్పనుకుని ఆగిపోతుంది. చాలా ఇన్వర్టర్ల సెట్టింగుల్లో నీడ ఉన్న చోట వాడటానికి ఒక స్కాన్ ఉంటుంది, అది ఆన్ చేస్తే అప్పుడప్పుడూ మొత్తం వెతికి పెద్ద శిఖరం పట్టుకుంటుంది. చాలాచోట్ల అది ఆఫ్‌లోనే ఉండిపోతుంది. డబ్బు పెట్టే ముందు ఆ ఒక్క బటన్ చూసుకోండి. నీడ పడే ప్యానెళ్లనీ పడనివాటినీ ఒకే వరసలో కలపకుండా విడి వరసలుగా వేరే ఎంపీపీటీకి ఇప్పించుకోవడం ఇంకా మంచిది.

ప్రశ్న: సోలార్ పవర్‌బ్యాంక్ కొన్నాను, కిటికీ దగ్గర పెడితే మూడు రోజులైనా నిండలేదు. ట్యూబ్‌లైట్ కింద, వెన్నెల్లో పెడితే ఉపయోగం ఉంటుందా?

జవాబు: దాని మీదున్న బుల్లి ప్యానెల్ మంచి ఎండలో వాటో వాటున్నరో ఇస్తుంది. 10,000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే 37 వాట్ అవర్లు. నేరుగా నడి ఎండలో పెట్టినా నష్టాలు కలుపుకుని 30, 40 గంటల ఎండ కావాలి. కిటికీ లోపల గాజు కొంత తినేస్తుంది, ఎండ తగిలేదే కాసేపు. గది లైటు కింద నడి ఎండలో రెండువందలో వంతు కూడా ఉండదు, వెన్నెల అయితే ఎండ కంటే సుమారు నాలుగు లక్షల రెట్లు తక్కువ. కాలిక్యులేటర్లు గది వెలుతురులో నడుస్తాయి కదా అంటారేమో, వాటికి కావాల్సింది అతి స్వల్పం, వాటిలో ఉండేది ఆ వెలుతురుకే సరిపడే ఎమార్ఫస్ సిలికాన్ సెల్. మీ పవర్‌బ్యాంక్‌ని గోడ ప్లగ్గుతో నింపుకోండి, ఆ ప్యానెల్‌ని అత్యవసరానికే అనుకోండి. ఎండలో పెట్టినా బ్యాటరీ మరీ వేడెక్కకుండా చూసుకోండి.

ప్రశ్న: వచ్చే నెల ప్యానెళ్లు పెట్టించాలనుకుంటున్నాం. నీడ ఎక్కడ పడుతుందో ముందే ఎలా తెలుసుకోవాలి? పక్కనే పెద్ద చెట్టుంది, కొట్టించేయమంటున్నారు.

జవాబు: చెట్టు కొట్టించకండి. ముందు చూడండి, తర్వాత ప్యానెల్‌ని జరపండి.

పైకెక్కి ప్యానెళ్లు పెట్టాలనుకున్న చోట ఉదయం 9కి, 12కి, మధ్యాహ్నం 3కి నీడ అంచుల వెంట సుద్దతో గీతలు గీయండి, ఫొటో తీసుకోండి. రోజు మొత్తం కరెంటులో ఎక్కువ భాగం ఈ ఆరు గంటల్లోనే వస్తుంది కాబట్టి ఆ గీతలు తాకని చోటు మీ అసలు చోటు. కానీ ఇవాళ గీసిన గీత ఆరు నెలల తర్వాత ఉండదు. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే నీడ వస్తువు ఎత్తుకి సమానం, 30 డిగ్రీలకి దిగితే 1.7 రెట్లు, 20 డిగ్రీలకి దిగితే 2.7 రెట్లు. అందుకే పొద్దు బాగా వాలి నడిచే రోజుల్లో, ఉత్తరార్ధగోళంలో డిసెంబరు 21 అటూ ఇటూ, దక్షిణార్ధగోళంలో జూన్ 21 అటూ ఇటూ చూస్తే అతి పొడుగు నీడ తెలుస్తుంది. అప్పటిదాకా ఆగలేకపోతే సూర్యుడి దారి చూపించే యాప్‌లు ఫోన్లో దొరుకుతాయి, ఆ తేదీ పెట్టి చూడండి. భూమధ్యరేఖకి దగ్గర్లో ఉన్నవాళ్లు మాత్రం రెండు తేదీలూ చూడాలి, పొద్దు ఏడాదిలో కొన్నాళ్లు ఒక పక్క నుంచీ కొన్నాళ్లు రెండో పక్క నుంచీ నడుస్తుంది.

చెట్టు పెరుగుతుందని కూడా గుర్తుంచుకుని రెండు మీటర్లు అదనంగా లెక్కేసుకోండి. ఆ తర్వాత కూడా నీడలోకి వచ్చే ప్యానెల్ ఒకటి రెండు ఉంటే వాటిని మానేసి తక్కువ ప్యానెళ్లతోనే మొదలుపెట్టండి. పది ప్యానెళ్ల వరసలో రెండు నీడలో ఉండేకంటే ఎనిమిది పూర్తి ఎండలో ఉండటం నయం, ఆ రెండింటి డబ్బూ మిగులుతుంది. గీతలు గీసిన ఫొటోలు బిగించేవాళ్లకి చూపించి, ప్యానెళ్ల ప్లాను ఆ ఫొటో మీదే గీసి ఇమ్మని అడగండి.